మూడో పెన్‌డ్రైవ్ కొనకు

ఒరేయ్ శీనూ,

విండోస్, లినక్స్ ఎక్కించడానికి పెన్‌డ్రైవ్ తయారుచేస్తే అది బూట్ అవట్లేదని, అంటే దాంతో కంప్యూటర్ మొదలవట్లేదని రాసిన నీ ఉత్తరం చదివి నవ్వాలో జాలిపడాలో తెలీలేదురా. రెండు పెన్‌డ్రైవ్‌లు అయ్యాయి, ఇప్పుడు మూడోది కొంటావా? ఆగు. వాటి తప్పేం లేదనిపిస్తోంది నాకు.

ముందు నిజం చెప్పు, డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి అలాగే కాపీ చేసి పడేశావా? సిగ్గుపడకు, మొదటిసారి నేనూ ఆ ఘనకార్యమే చేశాను. ఐఎస్ఓ అంటే మొత్తం డిస్కుని కట్టిన మూట. మూట విప్పకుండా పెడితే బూట్ అవదు. విప్పి సర్దడానికే రూఫస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి.

రూఫస్‌తోనే చేశానంటావా, అయితే నా అనుమానమంతా పార్టిషన్ స్కీమ్ మీద, అంటే డిస్కుని భాగాలుగా పంచే పద్ధతి మీద. కంప్యూటర్‌ని మొదలుపెట్టే పాత పద్ధతి బయోస్, కొత్తది యూఈఎఫ్ఐ; ఈమధ్య కంప్యూటర్లన్నీ యూఈఎఫ్ఐవే. నువ్వు పాత స్కీమ్ ఎంబీఆర్ పెట్టి, టార్గెట్ సిస్టమ్ దగ్గర బయోస్ అని వదిలేస్తే బూట్ మెనూలో నీ పెన్‌డ్రైవ్ పేరే కనబడకపోవచ్చు. నాకు దీనిమీదే ఒక రాత్రంతా పోయింది, పొద్దున మార్చింది మాత్రం ఒకే ఒక్క ఆప్షన్! కొత్త స్కీమ్ జీపీటీ, టార్గెట్ దగ్గర యూఈఎఫ్ఐ పెట్టి మళ్లీ రాయి. అప్పుడూ రాకపోతే అదే పెన్‌డ్రైవ్ ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడు. అక్కడ బూట్ అయిందంటే గొడవ నీ మెషీన్ సెట్టింగ్స్‌లోనే. నమ్మకం లేనిదాన్ని బూట్ కానివ్వని సెక్యూర్ బూట్ సెట్టింగ్ కూడా ఓసారి చూడు.

విండోస్ ఫైళ్లు చేత్తో కాపీ చేస్తుంటే 'ఫైల్ మరీ పెద్దది' అందన్నావు కదా, అది పెన్‌డ్రైవ్‌కున్న ఫ్యాట్32 అనే ఫార్మాట్ గోల. ఒక్క ఫైల్ 4 జీబీకి చేరితే అది పట్టదు, విండోస్ సరుకంతా ఉండే ఇన్‌స్టాల్.విమ్ ఫైల్ ఆ గీత దాటేసి ఉంటుంది. రూఫస్‌కి వదిలెయ్, పెద్ద ఫైళ్లు పట్టే ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌తో అదే నెట్టుకొస్తుంది.

ఇన్‌స్టాలర్ తెరుచుకుని హార్డ్ డిస్కే లేదంటే మాత్రం పెన్‌డ్రైవ్‌ని తిట్టకు, దాని పని అది చేసేసింది. కొన్ని కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో డిస్క్ కనబడాలంటే వీఎండీ అనే డ్రైవర్ విడిగా లోడ్ చెయ్యాల్సి వస్తుంది.

లినక్స్ రాశాక కొన్ని ఎంబీలే చూపిస్తోందని పక్కన పడేసిన ఆ మొదటిది ఉందే, అది చావలేదురా! మిగతా పార్టిషన్లు విండోస్‌కి అర్థం కావట్లేదంతే. విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ తెరిచి, లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ (పక్కనే దాని నంబర్), అన్నీ తుడిచేసే క్లీన్ అని కమాండ్‌లు కొట్టి, కొత్త పార్టిషన్ చేసి మళ్లీ ఫార్మాట్ చెయ్. కానీ డిస్క్ నంబర్ పక్కనున్న సైజు చూసి మరీ కొట్టు. తప్పు నంబర్ కొట్టావో, నీ పెళ్లి ఫోటోలతో సహా గోవిందా.

ఈసారి ఆగిపోతే ఆ స్క్రీన్ ఫోటో తీసి పంపు. 'రావట్లేదు' అని రాస్తే నేనేం చెప్పనురా!

నీ
మూర్తి