ఆది మీద రెండున్నర

విజయవాడ,
అట్లతద్ది మర్నాడు, మధ్యాహ్నం.

ఒసేయ్ లెక్కల టీచరమ్మా,

ముందు నాలుగు తిట్లు తిట్టేసెయ్, తర్వాత చదువు. నువ్వు పంపిన వాయిస్ మెసేజీలు పదకొండు పోగయ్యాయి. ఒక్కదానికి కూడా మనిషిలా జవాబివ్వలేదు. తప్పు నాదే. కానీ ఈ సంగతి ఫోన్లో చెప్పేది కాదే. నువ్వు స్పీకర్ పెడతావు, పక్కన మీ అల్లుడుంటాడు, ఇదేమో కొలతల వ్యవహారం! ఎదురింటి వాళ్ళబ్బాయి ఈ రాత్రికే బయల్దేరుతున్నాడు, బోస్టన్‌కే. రెండు కిలోల వరకు తీసుకెళ్తానన్నాడు. నాలుగింటికి వచ్చి పట్టుకెళ్తాట్ట. ఇప్పుడు రెండుంబావు. అందుకని ఉత్తరం.

ఇంటి కబుర్లు గబగబా: ఆయనకి షుగర్ కాస్త దిగింది. పెద్దాడు ఇల్లు మారాడు, మళ్ళీ మూడో అంతస్తే, లిఫ్టు లేదు. అత్తయ్య సంవత్సరీకం శ్రావణంలో అయిపోయింది. నిన్న అట్లతద్దికి గోరింటాకు పెట్టుకుంటే ఎడమచెయ్యి పండింది, కుడిచెయ్యి మాత్రం మన హాస్టల్ సాంబారు రంగులో ఉంది. నీకు తెలుసుగా ఆ రంగు.

ఇక విను.

అత్తయ్య పోయాక ఏడాది పాటు కొత్తబట్టలు కట్టలేదు, కుట్టించలేదు. ఈ దసరాకే మళ్ళీ బీరువా తీసింది. కలరా ఉండల వాసన, అరవై నాలుగు చీరలు. లెక్కపెట్టాను, నువ్వైతే రెండుసార్లు లెక్కపెడతావు. అందులో నావి ఆరు జాకెట్టు ముక్కలు, నువ్వు జూలైలో వెళ్తూ వెళ్తూ పడేసి పోయిన నాలుగు. పదీ కలిపి, కొలతకోసం నీ ఆది జాకెట్టు, నా ఆది జాకెట్టు జతచేసి, మన టైలరు మాస్టారు కొట్టుకి పంపించాను. నా ఆది గుర్తుందా? తమ్ముడి పెళ్ళికి 2009లో కుట్టించిన మామిడిచిగురు రంగుది. అప్పట్నించీ అదే పంపిస్తున్నాను. కుట్టి వచ్చిన ప్రతి జాకెట్టూ అతికినట్టు సరిపోయేది. అందుకే మా తోడికోడలి ముందు ఎంత పొగరుగా తిరిగేదాన్నో నీకు తెలుసు. “నాది పదిహేనేళ్ళుగా ఒకటే ఆది” అని పెళ్ళిళ్ళలో కూడా చెప్పాను. ఛీ.

మూలా నక్షత్రం రోజున సరస్వతీ అలంకారం కదా, అమ్మవారు తెల్లచీరలో ఉంటుంది. నేనూ అమ్మ వెంకటగిరి తెల్లచీర కట్టుకుని కొండకి వెళ్ళాలని తెల్లవారుజామున మూడింటికి లేచాను. స్నానం చేశాను. కొత్త జాకెట్టు తీశాను. చేతులు మోచేతుల దాకా వచ్చి ఆగిపోయాయి. లైనింగ్ ముడుచుకుపోయిందేమో అనుకుని లాగాను. ఎలాగో ఎక్కింది గానీ ముందు హుక్కులకీ కాజాలకీ మధ్య బెత్తెడు ఖాళీ. ఇంకోటి వేసి చూశాను. అదీ అంతే. ఆరూ అంతే! ఆరోదానికి ఊపిరి బిగబట్టి మూడో హుక్కు పెట్టాను. (నవ్వకు. మూడో హుక్కు అనగానే నువ్వు నవ్వుతావని తెలుసు.) అది టప్‌మని ఎగిరి బీరువా కిందకి పోయింది. ఇంతలో ఒంట్లోంచి ఆవిర్లు మొదలు. చెవుల వెనకనించి, మెడ మీదనించి, కుంపటి ముందు కూచున్నట్టు. ఆ చీకట్లో ఫ్యాను కింద, ఒక చెయ్యి జాకెట్టులో, ఒక చెయ్యి బయట పెట్టుకుని కూర్చుండిపోయాను. ఆయన గుమ్మంలోంచి తొంగి చూసి “క్యూ పెరిగిపోతుంది” అన్నారు. ఏడ్చాను. జాకెట్టు కోసం కాదులే. సర్లే, అది తర్వాత.

చివరికి పాత నల్ల జాకెట్టు వేసుకుని వెళ్ళాను, తెల్లచీర మీద. అమ్మవారు ఏమనుకుందో!

మధ్యాహ్నం కొట్టుకి వెళ్ళాను, కొట్టే ఉద్దేశంతోనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మాస్టారు కొట్లోకి కూడా నీళ్ళొచ్చాయి, మిషన్ల మోటార్లన్నీ పోయాయి, నీకు చెప్పాను కదా. ఆ తర్వాత పెద్దాయన మిషనెక్కలేదు, కొడుకు చూసుకుంటున్నాడు. ఆ కుర్రాడు నా ఆదినీ కొత్త జాకెట్టునీ బల్ల మీద ఒకదాని మీద ఒకటి పరిచి, టేపు పెట్టి, “చూడండి ఆంటీ, నూలుపోగు తేడా లేదు” అన్నాడు. నిజంగానే లేదే! నోరు పెగల్లేదు నాకు.

తిన్నగా పెద్దాయన ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూచుని మరమరాలు తింటున్నాడు. చెప్పాను. ఆయన మరమరాల గిన్నె పక్కన పెట్టి, “ఆదికి ఆది కుట్టేశాడా? అయ్యో, పిచ్చి సన్నాసి” అన్నాడు. లోపలికెళ్ళి ఒక లావుపాటి పద్దుల పుస్తకం తెచ్చాడు. వరద రోజున అటక మీద ఉండబట్టి బతికిందట. అందులో నా పేరు లేదు. “బ్యాంకు అమ్మగారు” అని ఉంది. దాని కింద వరసగా: 2012 ఆది. 2014 ఆది మీద అర. 2017 ఆది మీద ఒకటి. 2020 ఆది మీద ఒకటిన్నర, పక్కన బ్రాకెట్లో ‘కరోనా’. 2023 ఆది మీద రెండున్నర, చంక ముప్పావు, చెయ్యి ఒకటి.

అంగుళాలే తల్లీ! 2014 నుంచీ ఆ ముసలాయన నాకు తెలియకుండా నన్ను పెంచుకుంటూ వచ్చాడు.

“మరి నాకు చెప్పాలి కదా మాస్టారూ” అంటే, “చెప్తే ఏం చేస్తారమ్మా? సన్నబడి కుట్టించుకుంటా అని ముక్క వెనక్కి పట్టుకెళ్తారు. పండగ ఆగుతుందా?” అన్నాడు. ఇంకోమాట కూడా అన్నాడు, నీ గురించి. నీ పేజీ కూడా చూపించాడు. అది చివర్లో చెప్తా, ఇప్పుడు చెప్తే మిగతాది చదవవు.

అప్పుడు వాళ్ళావిడ టేపు పట్టుకుంది, ఆయన అటు తిరిగి కూచుని రాసుకున్నాడు. సరిగ్గా, మొదటినించీ. అంకె ఇక్కడ రాయను, దారిలో కవరు చిరిగితే ఆ పిల్లాడు చదువుతాడు. కొలుస్తూ కొలుస్తూ ఆవిడ అంది: “మీ అమ్మగారు కూడా ఇదే వయసులో వచ్చి, లైనింగ్ తీసెయ్, వెనక మెడ దించు, చేతులు వదులుగా పెట్టు అన్నారమ్మా. ఈయనకి అర్థం కాలేదు, నేనే చెప్పాను.”

నీకు గుర్తుందా, మన డిగ్రీ అయిన ఏడు దసరాకి అమ్మ పట్టుచీర కట్టనని మొండికేసి, వాయిల్ చీరలో తిరుగుతూ, అస్తమానం కొంగుతో విసురుకుంటూ... నేనూ అన్నయ్యా “అమ్మకి పిసినారితనం ఎక్కువైంది, చీరలు దాచుకుంటోంది” అని ఆటపట్టించాం. అడగలేదే. ఒక్క మాట అడిగినా... పోనీలే.

డాక్టరమ్మ ఏమందంటే, నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గేసరికి ఒంటి వేడిని చూసుకునే మెదడు భాగం చిన్నదానికీ పెద్దదానికీ కంగారు పడుతుందట, అవే ఆవిర్లు. తుంటి మీద ఉన్న కొవ్వు కూడా పొట్ట మీదకి కాపురం మారుస్తుందట. అద్దె ఇవ్వకుండా.

అంచేత మర్నాడే కార్యక్రమం మొదలెట్టాను. మాస్టారు ఎప్పుడూ లోపల అంగుళం మడత వదిలేవాడు, కొడుకు అరంగుళమే వదిలాడు. కాబట్టి విప్పినా చాల్లేదు. ఆరింట్లో మూడింటికి పక్కల ముక్క వేసి, చంకలో చిన్న డైమండ్ ముక్క కలిపి బతికించాడు. మూడు బతకలేదు, తోడికోడలి కూతురికి ఇచ్చాను. పాలిస్టర్ లైనింగ్ అన్నిటికీ పీకేయించాను, దొంగ అసలు అదేనే! పైన నూలు వేసుకున్నా లోపల ప్లాస్టిక్ సంచీ కట్టుకున్నట్టే. ఇప్పుడు నూలు లైనింగే. అది కుట్టేముందు ఒక పూట నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకులో ముడుచుకుని మళ్ళీ మూడో హుక్కు కథే.

జార్జెట్లన్నీ స్టీలు సామాన్ల ఆవిడకి వేశాను. ఏడు చీరలకి ఒక టీ వడపోత గిన్నె ఇచ్చింది. బేరం నువ్వుంటే మూతైనా వచ్చేది.

మంగళగిరి కూడా వెళ్ళొచ్చాం, తోడికోడలూ నేనూ. ఎంత దూరం, 13 కిలోమీటర్లు. గుంటమగ్గం మీద నేసిన నూలు చీరలు మూడు తీసుకున్నాను. ఒళ్ళంతా సాదా, అంచు మాత్రం నిజాం బోర్డరు. పనిలో పనిగా కొండెక్కి పానకాల స్వామికి పానకం పోయించాం. సగం తాగి సగం వెనక్కిస్తాడు కదా, తోడికోడలు నా చెవిలో “అక్కా, మీ జాకెట్టు కూడా అంతే, సగం లోపలికి సగం బయటికి” అంది. గుళ్ళో అంత నవ్వు నవ్వడం నా జన్మలో లేదు. దానికి ఆది సంగతి చెప్పేశాను. ఒప్పుకోక ఏం చేస్తాను.

పట్టు సంగతి: కంచి రెండే ఉంచుకున్నాను, పిల్లల పెళ్ళిళ్ళకి, ఏసీ హాలైతేనే. మిగతా శుభకార్యాలకి గద్వాల. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. విడివిడిగా నేసి కలుపుతారు. ఫొటోలో పట్టుచీరే, ఒంటి మీద నూలుచీర. అత్తగారూ కోడలూ ఒకే ఇంట్లో గొడవ లేకుండా ఉన్నట్టు.

అయ్యో, మూడున్నర. నీ పార్సిల్ సంగతి. అక్కడ ఆకులు రంగు మారుతున్నాయి అన్నావు, బయట చలి, లోపల హీటరు, స్వెట్టర్ వేస్తే చెమట, తీస్తే వణుకు అని ఏడ్చావు కదా. తలమీంచి వేసుకునేది వేసుకుంటే అంతే మరి. ముందు గుండీలు ఉండేది కొనుక్కో, ఆవిరి రాగానే ఒక్క చేత్తో తీసెయ్యొచ్చు. దాని లోపలికి మంగళగిరి కుర్తీలు రెండు పెట్టాను, వాటికీ ముందు గుండీలే. చీర కాళ్ళకి అతుక్కుని చిటపటమంటోంది అన్నావే, అది పాలిస్టర్ లంగా, పొడిగాలి కలిస్తే వచ్చే గోల. నూలు లంగాలు రెండు పెట్టాను. దీపావళికి గద్వాల చీర నాది, మనవడి బారసాలకి కట్టుకుని మళ్ళీ పంపు. మరక పడితే మాత్రం ఉంచేసుకో, నా కళ్ళపడకుండా.

నీ నాలుగు జాకెట్లు కూడా కుర్రాడు ఆదికి ఆది కుట్టేశాడుగా. పెద్దాయన దగ్గర కూచుని విప్పించి మళ్ళీ కుట్టించాడు. అదృష్టం, నీ ముక్కలు పెద్దవి. నీ పేజీ మీద “లెక్కల టీచరమ్మ” అని ఉంది, కింద వరస నా వరసకంటే పొడుగ్గా ఉంది. నేను ఏమీ అన్లేదు. కొంచెం నవ్వానంతే. మాస్టారు ఏమన్నాడంటే

బెల్లు కొట్టాడు. పావుగంట ముందే! ఇదేం పిల్లాడే, మన కాలంలో ఎవడైనా చెప్పిన టైముకి... సరే సరే. నీలం జాకెట్టు లోపలి మడత తిప్పి చూసుకో, నీ అంకె మాస్టారు చాక్‌తో రాసే ఉంచాడు. ఉతక్కముందే చూడు. చూశాక ఫోన్ చెయ్యకు, మీ అల్లుడు వింటాడు. ఉత్తరం రాయి.

నీ
సోడాబుడ్డి