అరకులో ఎన్ని రాత్రులు ఉన్నారో కూడా లెక్క రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

టూరిస్టుల సంఖ్య పెరిగిందని మీ పేపర్లో తరచూ వార్తలు వస్తున్నాయి, నేను అవన్నీ వదలకుండా చదువుతాను, ఎందుకంటే నేను అరకులోయలో ఒక లాడ్జి కౌంటర్లో కూర్చునే మనిషిని, ఈ పని మొదలుపెట్టి పన్నెండేళ్ళు దాటింది. దేశం మొత్తం మీద 2019లో స్వదేశీ టూరిస్టుల విజిట్లు 232 కోట్లు, కోవిడ్ వచ్చి 2020లో 61 కోట్లకి పడిపోయాయి, మళ్ళీ 2023కి 250 కోట్లు దాటాయి. సంతోషమే. కానీ ఇవి విజిట్లు అండి. ఒక మనిషి ఏడాదిలో నాలుగు ఊళ్ళు తిరిగితే నాలుగు విజిట్లు పడతాయి, అందుకే మన జనాభా 140 కోట్ల పైచిలుకు అయితే ఆ లెక్క 250 కోట్లు అయింది. అది తప్పని నేను అనట్లేదు. ఆ మనిషి వెళ్ళిన ఊళ్ళో రాత్రి ఉన్నాడా, ఉంటే ఎన్ని రాత్రులు ఉన్నాడు అనేది కూడా చెప్పండి అని అడుగుతున్నాను. మా బతుకంతా ఆ రాత్రుల మీదే ఉంది.

మా దగ్గర ఎర్ర గుడ్డ బైండింగ్ రిజిస్టర్లు ఉన్నాయి, పాతవి కూడా పారెయ్యలేదు, మెట్ల కింద అలమరలో పెట్టాం. పేరు, ఊరు, ఎంతమంది, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తున్నారు, వచ్చిన టైమ్, వెళ్ళిన టైమ్, సంతకం, ఇవీ అందులో గడులు. మొన్న వర్షాకాలంలో రూములు ఖాళీగా ఉన్నప్పుడు పాత రిజిస్టర్లు తీసి చూశాను. 2014 అక్టోబర్లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కొన్ని రోజులు ఒక్క పేరు లేదు, 2020 మార్చి తర్వాత అయితే పేజీలకి పేజీలు తెల్లగా ఉన్నాయి, చూస్తే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. కానీ నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది మామూలు రోజుల పేజీలు. అప్పట్లో విశాఖ నుంచో రాజమండ్రి నుంచో వచ్చిన కుటుంబం శుక్రవారం దిగి సోమవారం పొద్దున ఖాళీ చేసేది, మూడు రాత్రులు, ముసలివాళ్ళు పిల్లలు అందరూ కలిసి. ఇప్పుడు పేర్లు ఎక్కువ ఉన్నాయి, పేజీలు తొందరగా అయిపోతున్నాయి, కానీ వెళ్ళిన టైమ్ గడిలో అన్నీ మర్నాడు పొద్దున ఎనిమిదీ తొమ్మిదే. కొంతమంది అయితే మధ్యాహ్నం వచ్చి, స్నానాలు చేసి బట్టలు మార్చుకుని, సాయంత్రం కొండ దిగిపోతున్నారు.

దీనికి కారణాలు నాకు కళ్ళ ముందే కనబడుతున్నాయి. విశాఖ నుంచి కిరండోల్ రైలు పొద్దున్నే బయల్దేరుతుంది, 2017లో దానికి అద్దాల బోగీ పెట్టాక జనం రైలు కోసమే వస్తున్నారు, వచ్చి మధ్యాహ్నం భోజనం చేసి మ్యూజియం, కాఫీ, బొర్రా గుహలు చూసుకుని బస్సులో రాత్రికి విశాఖ చేరిపోతున్నారు. పొద్దున రైలు సాయంత్రం బస్సు ప్యాకేజీలు కూడా అట్లాగే కట్టారు. ఇంకోటి వంజంగి. పాడేరు దగ్గర ఆ మేఘాల కొండ రీల్స్‌లో ఫేమస్ అయ్యాక కుర్రాళ్ళు రాత్రి పది గంటలకి విశాఖలో బండెక్కి, తెల్లారుజామున కొండ మీద ఉండి, సూర్యోదయం చూసి ఫొటోలు తీసుకుని, పొద్దున పదికల్లా ఘాట్ రోడ్డు దిగిపోతున్నారు. రాత్రంతా నిద్ర లేని డ్రైవింగ్ ఆ మలుపుల్లో. వాళ్ళని కూడా విజిట్ లెక్కలో కలుపుతున్నారో లేదో నాకు తెలీదండి. కొండ మీద మిగిలేది వాటర్ బాటిళ్ళు, చిప్స్ కవర్లు.

ఒక రూము ఒక రాత్రి నిండితే ఏమవుతుందో చెప్తాను. దుప్పట్లు ఉతికే మనిషికి పని దొరుకుతుంది. పొద్దున్నే వేడినీళ్ళు కాచే కుర్రాడికి కూలి వస్తుంది. రాత్రి భోజనం, పొద్దున టిఫిన్, రెండు పూటలు టీ, అంటే కూరగాయలు సంతలో కొంటాం, పాలు పక్క ఊరి నుంచి వస్తాయి. రాత్రి ఉన్నవాళ్ళే మా గిరిజన ఆడవాళ్ళు వేసే థింసా డాన్సు చూస్తారు, చలిమంట దగ్గర కూర్చుని ఆ ఆడవాళ్ళతో చెయ్యి చెయ్యి కలిపి అడుగు వేస్తారు, వాళ్ళకి నాలుగు డబ్బులు ఇస్తారు. మర్నాడు జీపు మాట్లాడుకుని చాపరాయి వాగుకో కటికి జలపాతానికో వెళ్తారు. నవంబర్ డిసెంబర్లో వలిసె పూలు పూసినప్పుడు రెండు రాత్రులు ఉన్న ఫ్యామిలీ ఎంత నిదానంగా తిరుగుతారో, పిల్లలకి ఇది వలిసె, దీని గింజల్లోంచి నూనె తీస్తారు అని రైతే దగ్గరుండి చెప్తాడు, అది ఆరుగంటల ట్రిప్పులో జరగదు అండి.

మా మేనల్లుడు జర్మనీలో చదువుకుంటున్నాడు, నేను ఫోన్లో ఈ గోల చెప్తే వాడు అక్కడి గవర్నమెంట్ లెక్కలు చూపించాడు. నాకు ఆశ్చర్యం వేసింది, వాళ్ళు లెక్కపెట్టేది రాత్రులే. పది మంచాలు, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి హోటలూ, గెస్ట్ హౌసూ నెలనెలా చెప్పాలి, టెంట్ల గ్రౌండ్లు కూడా. 2019లో 49 కోట్ల 56 లక్షల రాత్రులు, కోవిడ్ ఏడాదిలో 30 కోట్లు, 2024లో 49 కోట్ల 61 లక్షలు, అంటే పాత రికార్డు కొంచెం దాటారు. ఏ ఏరియాలో ఏ నెల పడిపోయింది, అక్కడివాళ్ళు ఎన్ని రాత్రులు, బయటి దేశాలవాళ్ళు ఎన్ని, అన్నీ విడివిడిగా ఉన్నాయి. యూరప్ మొత్తానికి అయితే ఎయిర్‌బిఎన్‌బి, బుకింగ్, ఎక్స్‌పీడియా, ట్రిప్‌అడ్వైజర్ ఈ నాలుగు కంపెనీల దగ్గర్నుంచి కూడా లెక్క తీసుకుంటున్నారు, 2020లో ఒప్పందం చేసుకున్నారట, 2024లో వీటి ద్వారా ఇళ్ళల్లో, ఫ్లాట్లలో దిగినవాళ్ళ రాత్రులు 85 కోట్లు. యాప్‌లో బుక్ అయిన ఇల్లు కూడా లెక్కలోకి వచ్చిందన్నమాట.

మన దగ్గర ఇది కష్టం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఫారినర్ ఒక్కడు దిగినా 24 గంటల్లోపు ఆ మనిషి వివరాలు గవర్నమెంట్‌కి ఆన్‌లైన్‌లో పెడుతున్నాం, కరెంటు పోయినా సిగ్నల్ లేకపోయినా సెల్ పట్టుకుని రోడ్డు మీదకి వెళ్ళి మరీ పెట్టిన రోజులు ఉన్నాయి. ఒక్క మనిషి వివరం రోజులో పంపగలిగిన మేము, ఈ నెలలో ఎన్ని రూములు ఎన్ని రాత్రులు నిండాయి అని నెలకి ఒక మెసేజ్ పంపలేమా? పేర్లు అక్కర్లేదు, ఫోన్ నంబర్లు అక్కర్లేదు, ఉత్త లెక్క చాలు.

చిన్న ఇళ్ళవాళ్ళు భయపడతారు, అది నిజం. ఇక్కడ గిరిజనుల భూమి బయటివాళ్ళు కొనకూడదనే 1/70 చట్టం ఉంది కాబట్టి భూమి ఎక్కువగా గిరిజనులదే, హోంస్టే పెట్టేదీ ఆ కుటుంబాలే, రెండు గదులు ఖాళీ చేసి టూరిస్టులకి ఇస్తారు. లెక్క రాసిస్తే టాక్స్ వేస్తారేమో, ఎవరైనా వచ్చి లైసెన్స్ అడుగుతారేమో అని వాళ్ళు దాచుకుంటారు. సర్వీసులకి 20 లక్షల టర్నోవర్ లోపు జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదని వాళ్ళకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. కేంద్రం గిరిజన ప్రాంతాల్లో 1000 హోంస్టేలకి సాయం చేస్తామంది, కొత్త గదులు కట్టుకోడానికి యూనిట్‌కి 5 లక్షల దాకా, ఉన్నవి బాగుచేసుకోడానికి 3 లక్షల దాకా, ఇంకా 2025 బడ్జెట్లో హోంస్టేలకి ముద్రా లోన్లు అన్నారు. చాలా మంచి పని. కానీ ఏ ఊళ్ళో గదులు చాలట్లేదు, ఏ ఊళ్ళో ఉన్నవే ఖాళీగా ఉన్నాయి అనేది రాత్రుల లెక్క లేకుండా ఎట్లా తేలుస్తారు? డిసెంబర్ శనివారం చూస్తే అరకులో గదులు చాలవు అనిపిస్తుంది, కారులోనే పడుకునేవాళ్ళు ఉంటారు, మా వరండాలో చాప వేసి పడుకోబెట్టిన రోజు కూడా ఉంది. అదే జూలై మంగళవారం వచ్చి చూడండి, తాళంచెవులన్నీ బోర్డు మీదే వేలాడుతుంటాయి. శనివారం చూసి లోన్ తీసుకుని గదులు కట్టిన కుటుంబం మంగళవారం కిస్తీ ఎక్కణ్ణుంచి కడుతుంది అండి?

టాక్స్ సంగతి కూడా అంతే. రోజుకి 7500 రూపాయల లోపు రూములకి జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం పోయి 5 శాతం అయింది. దానివల్ల జనం ఇంకో రాత్రి ఉంటున్నారా, మామూలు రోజుల్లో కూడా వస్తున్నారా అనేది జిల్లా వారీగా నెలనెలా లెక్క ఉంటే ఇట్టే తెలిసిపోతుంది.

అందుకని టూరిజం శాఖవాళ్ళని మీ పేపర్ ద్వారా కోరుతున్నాను, వచ్చే సీజన్ లోపు మా అల్లూరి జిల్లాలో అయినా మొదలుపెట్టండి, లాడ్జిలు, రిసార్టులు, హోంస్టేలు, టెంట్లు అన్నీ కలిపి నెలకి ఎన్ని రాత్రులు అనేది తెలుగులో ఒక పేజీ వేయించి అందరికీ కనబడేలా పెట్టండి. మీ విలేకరులు కూడా ఈసారి పండగ రద్దీ వార్త రాసేటప్పుడు ఎంతమంది వచ్చారు అని అడిగాక, ఎంతమంది ఉండిపోయారు అని ఇంకో ప్రశ్న వెయ్యండి. మా ఓనర్ గారిని ముందే అడిగాను, మా లెక్క ఇవ్వడానికి ఆయన ఒప్పుకున్నారు. మెట్ల కింద ఉన్న పాత రిజిస్టర్లు కూడా దుమ్ము దులిపి పెట్టాను, ఎవరైనా వచ్చి చూస్తామంటే కౌంటర్ దగ్గరే ఉంటాను.

ఇట్లు,
ఒక లాడ్జి ఉద్యోగి,
అరకులోయ