మ్యాప్‌లో ఆగిపోయిన మన వ్యాను

మా వ్యాన్లలో పిల్లలను బడికి పంపుతున్న తల్లిదండ్రులకు నమస్కారం.

మంగళవారం సాయంత్రం రెండో నంబరు వ్యాను విశాఖలోని ఎన్‌ఏడీ కూడలి దగ్గరే నిలిచిపోయినట్టు మీ ఫోన్లలోని ట్రాకింగ్ యాప్‌లో కనిపించింది. వ్యాను ఎక్కడా ఆగలేదు. రోజూ వెళ్లే వేళకే గోపాలపట్నం చేరింది. ఫోను చూసి ఇంకా సమయం ఉందనుకున్న ఒక తల్లి గేటు దగ్గరకు రాలేదు. ఆయా పాప చెయ్యి వదలకుండా అక్కడే నిలబడింది. అయినా ఆ తల్లి ఏడుస్తూ పరుగెత్తుకు వచ్చిందంటే అందుకు బాధ్యత నాదే.

జీపీఎస్ పరికరం పాడవలేదు. ఉపగ్రహాల సంకేతాలతో వ్యాను ఎక్కడుందో అది తెలుసుకుంటూనే ఉంది. ఆ సంగతి మీకు చేరాలంటే లోపలి సిమ్‌కు ఇంటర్నెట్ ఉండాలి. పరికరాలు అమ్మిన వ్యాపారి పేరు మీదే ఆ సిమ్‌లు ఉన్నాయి. జూన్‌లోనే ఏడాది డబ్బు తీసుకుని రీచార్జి చేయించలేదు. సరే, కబురు ఆగింది. ఆగిందని యాప్ చెప్పాలి కదా! చివరిసారి తెలిసిన చోటునే ఇప్పటిదిగా చూపిస్తూ కూర్చుంది. ఆరుసార్లు ఫోను చేసినా ఎత్తని ఆ వ్యాపారి ఏడోసారి ఎత్తి, ‘ఇంత చిన్న విషయానికా?’ అన్నాడు. పిల్లల విషయం చిన్నదట! ఆ మాట నేను మరిచిపోలేను.

వెంటనే ఇంకో కంపెనీ యాప్ పెడదామని మా అబ్బాయి పట్టుబట్టాడు. మిగతా వ్యాన్లవాళ్లంతా మ్యాప్ చూపిస్తున్నారు, మీరు అటు వెళ్లిపోతారేమోనని నాకూ భయమే. రెండు రాత్రులు నిద్ర లేదు. చివరికి వద్దనే అన్నాను. 2014లో హుద్‌హుద్ తుపానుకు ఫోన్లు మూగబోతే, చెట్లు కూలిన వీధుల్లో నడిచి ఇంటింటికీ కబురు చెప్పినవాళ్లం మేము. ఒక నెల మ్యాప్ లేకుండా నడపలేమా?

సోమవారం నుంచి యాప్ ఉండదు. మీ ఇంటికి రెండు స్టాపుల ముందే ఆయా ఫోను చేస్తుంది. మీవాళ్లు ఎదురుగా కనిపిస్తేనే బిడ్డను దింపుతుంది. వాహనాల ట్రాకింగ్ పరికరాలకు మన దేశంలో పెట్టిన ఏఐఎస్-140 ప్రమాణం ఉన్న పరికరాలు కొంటున్నాను. నెట్‌వర్క్ లేనప్పుడు అవి వివరాలు దాచుకుని తరువాత పంపుతాయి, అత్యవసర బటన్ కూడా ఉంటుంది. ఈసారి రీచార్జి నా చేతిలోనే. నెల రోజులు నేనే వ్యానులో కూర్చుని సరిచూసుకున్నాకే మ్యాప్ మీకు ఇస్తాను. ట్రాకింగ్‌కు మీరు కట్టిన డబ్బు, ఆ వ్యాపారి నాకు తిరిగి ఇచ్చినా ఇవ్వకపోయినా, వచ్చే నెల ఫీజులో తగ్గిస్తాను.

ఆయా నంబరు రేపు పిల్లల డైరీలో చీటీగా వస్తుంది. సాయంత్రం వేరెవరైనా బిడ్డను తీసుకువెళ్లేట్టయితే మధ్యాహ్నం రెండు గంటలలోపు నాకు చెప్పండి.