గోల్ఫ్ యంత్రంతో అంకణాలు కొలవొద్దు

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి, రేణిగుంట, చంద్రగిరి చుట్టుపక్కల ప్లాట్లు చూపించే కొందరి చేతుల్లో ఈమధ్య చిన్న బైనాక్యులర్ లాంటి యంత్రం కనిపిస్తోంది. కంటికి ఆనించి, ఎదుటి హద్దురాయి వైపు చూసి మీట నొక్కితే దూరం అంకెల్లో వస్తుంది. ఆన్‌లైన్లో దొరికే గోల్ఫ్ రేంజ్‌ఫైండర్ అది. లేజరు గనక తప్పు రాదనీ, టేపు పట్టే పనే లేదనీ కొనేవాళ్లకు నచ్చజెబుతున్నారు. యంత్రంలో దోషమేమీ లేదు, గోల్ఫ్ ఆటకు చక్కగా సరిపోతుంది. ఇళ్లస్థలం కొలవడానికి మాత్రం పనికిరాదు.

గోల్ఫ్ ఆడేవాళ్లకు కావలసింది, బంతి వేయాల్సిన గుంత దగ్గరి జెండా ఎంత దూరంలో ఉందన్న సంగతి. ఒక క్లబ్బుకూ (బంతి కొట్టే కర్రకూ), దాని తర్వాతి క్లబ్బుకూ బంతి పడే దూరంలో సుమారు 10 గజాల తేడా ఉంటుంది. గజం అటూ ఇటూ అయినా ఆటకు నష్టం లేదు. అందుకే ఈ యంత్రాల్లో చాలావాటికి కంపెనీలు చెప్పే కచ్చితత్వం ‘ఒక గజం ఎక్కువ తక్కువ’. మెరుగైనవాటికి అర గజం. 150 గజాల మీద ఒక గజమంటే నూటికి ఒక వంతు కూడా కాదు. కానీ దూరం తగ్గినంత మాత్రాన ఆ తేడా తగ్గదు. 30×40 ప్లాటులో చిన్నవైపు 30 అడుగులు, అంటే సరిగ్గా 10 గజాలు. అక్కడ ఒక గజం తప్పంటే నూటికి పది.

దీన్ని మన లెక్కలో వేసి చూడండి. తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు 72, ఆ ఊరివాళ్లతో బేరమాడేటప్పుడు ఇది ముందే తేల్చుకోవాలి. 30×40 ప్లాటు 1,200 చదరపు అడుగులు, 33 అంకణాల పైచిలుకు. యంత్రం రెండు వైపులా ఒక్కో గజం ఎక్కువ చూపిందనుకుంటే 33×43, అంటే 1,419 చదరపు అడుగులు. అదనంగా వచ్చిన 219 చదరపు అడుగులు ఆరు అంకణాలు, దాదాపు అర సెంటు. లేని నేలకు కొనేవాళ్లు డబ్బు కట్టినట్టే.

తప్పు ఎక్కడ పుడుతుందంటే, ఈ యంత్రం కంటికి కనిపించని లేజరు వెలుగును చిన్న చిన్న తునకలుగా వదిలి, అది తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. సెకనులో వందకోట్లవ వంతు కాలంలో వెలుగు 30 సెంటీమీటర్లు పోతుంది. పోయి రావాలి గనక, ఆ కాస్త కాలం తేడా వచ్చినా దూరంలో 15 సెంటీమీటర్లు, అంటే అర అడుగు తప్పు. తెరమీద 12.4 అని దశాంశం కనిపించినంత మాత్రాన ఆ పదోవంతు నిజమని కాదు. పదిసార్లు నొక్కితే పదిసార్లూ అదే అంకె వచ్చిందన్నది కూడా రుజువు కాదు. యంత్రం ఒకే తప్పును పదిసార్లు చూపించి ఉండొచ్చు.

గురి సంగతి ఇంకా ముఖ్యం. గోల్ఫ్ జెండా కర్రకు వెలుగును తిరిగి పంపే అద్దపు పలకలు పెడతారు, వాటిమీద గురి సులువుగా కుదురుతుంది. హద్దురాయి నేలమీద అర అడుగు ఉంటే గొప్ప. కిరణం కాస్త పైకి పోతే వెనకున్న ప్రహరీ దూరం చూపిస్తుంది. మధ్యలో కంపచెట్టు కొమ్మ అడ్డమొస్తే దాని దూరం చూపిస్తుంది. పైగా జెండాను పట్టుకునే మోడ్‌లో, తగిలినవాటిలో అన్నిటికంటే దగ్గరున్నదాన్నే యంత్రం ఎంచుకుంటుంది. జెండా వెనక చెట్లున్నప్పుడు ఆటలో అదే కావాలి, ప్లాటులో ఆ గుణమే కొలతను చెడగొడుతుంది. యంత్రాన్ని రాయిమీద పెట్టి కొలవరు, నిలబడి కంటి ఎత్తులో పట్టుకుంటారు. కంటికీ ఎదుటి రాయికీ ఎత్తులో 5 అడుగుల తేడా ఉంటే, 40 అడుగుల నేలకు ఏటవాలు గీత 40.31 అడుగులు. నాలుగు అంగుళాల తప్పు అక్కడే కలిసిపోయింది. మనిషి రాయికి ముందు నిలబడ్డాడా, వెనక నిలబడ్డాడా అన్న తేడా దీనికి అదనం.

శేషాచలం కొండల దిగువన, వాలు నేలల్లో ఇంకో చిక్కు ఉంది. చాలా రేంజ్‌ఫైండర్లలో స్లోప్ మోడ్ ఉంటుంది. ఎత్తుమీదున్న జెండాకు బంతిని గట్టిగా కొట్టాలి గనక యంత్రం అసలు దూరానికి కొంత కలిపి చూపిస్తుంది, పల్లంలో ఉంటే తీసేసి చూపిస్తుంది. భూమి కొలతలో లెక్కకొచ్చేది సమతల దూరం ఒక్కటే. ఎగువకు కొలిచినా దిగువకు కొలిచినా, వాలు వెంట కొలిచినదానికంటే అది తక్కువే. 10 డిగ్రీల వాలుమీద 40 మీటర్లు వస్తే సమతల దూరం 39.39 మీటర్లు. అంటే అర మీటరుకు పైగా తగ్గించాల్సిన చోట స్లోప్ మోడ్ ఎగువకు గురిపెడితే ఇంకా పెంచుతుంది. 2019 నుంచి గోల్ఫ్ నిబంధనలు దూరం కొలిచే యంత్రాలను అనుమతించినా, ఎత్తుపల్లాల కొలతను ఒప్పుకోవు. అందుకే చాలా యంత్రాల్లో ఈ మోడ్‌ను ఆపే మీట ఉంటుంది. అది ఏ స్థితిలో ఉందో, తెరమీద ఉన్నవి గజాలో మీటర్లో కూడా కొనేవాళ్లు అడిగి చూడాలి. 100 గజాలంటే 91.44 మీటర్లే.

ఫోనులో జీపీఎస్ యాప్ పట్టుకుని ప్లాటు చుట్టూ తిరిగి విస్తీర్ణం చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోను చూపే స్థానంలో సుమారు 5 మీటర్ల వరకు తేడా మామూలే. గోడల పక్కన, చెట్ల కింద ఇంకా ఎక్కువ. పదెకరాల మామిడి తోట ఉజ్జాయింపుకు అది పనికొస్తుంది, 33 అంకణాలకు పనికిరాదు.

ఇళ్లస్థలానికి 30 మీటర్ల స్టీలు టేపు చాలు. ముందు దాని సున్నా ఎక్కడ మొదలవుతుందో చూడండి. కొన్నిట్లో కొక్కెం అంచు నుంచి, కొన్నిట్లో పట్టీమీద గీత నుంచి మొదలవుతుంది. కొన తెగిన టేపు వద్దు. టేపును సమతలంగా, వేలాడకుండా, సుమారు 5 కిలోల బరువుకు సరిపడా లాగి పట్టాలి. వాలు నేలలో చిన్న చిన్న ముక్కలుగా మెట్లు దిగినట్టు కొలుస్తూ, టేపు కొన నుంచి కిందికి గుండుదారం వదలాలి. ఎండకు స్టీలు సాగుతుందని కొందరు భయపడతారు. టేపును 20 డిగ్రీల వేడికి సరిచేసి ఉంటారు. అది 40 డిగ్రీలకు వేడెక్కినా 30 మీటర్లకు సాగేది 7 మిల్లీమీటర్లే. గుడ్డ టేపు, ఫైబర్ టేపు లాగినకొద్దీ సాగుతాయి, అసలు జాగ్రత్త వాటితోనే.

మేస్త్రీలు వాడే చిన్న లేజరు మీటరు వేరే రకం. దాని కచ్చితత్వం రెండు మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అయితే ఎండలో ఎర్రచుక్క కొద్ది దూరానికే కనిపించదు. ఎదుటి రాయి దగ్గర తెల్ల పలక పెట్టి, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కొలవాలి. అది వెనక అంచు నుంచి కొలుస్తోందా, ముందు అంచు నుంచా అన్న గుర్తు తెరమీద ఉంటుంది. అది చూసుకోకపోతే యంత్రం పొడవంత, అంటే దాదాపు నాలుగైదు అంగుళాలు తప్పిపోతుంది.

నాలుగు వైపులు కొలిచి ఆపొద్దు, ఐమూలలూ (ఎదురెదురు మూలల మధ్య దూరాలూ) కొలవండి. 30×40 సరైన దీర్ఘచతురస్రాకారంలో ఉంటే రెండు ఐమూలలూ సరిగ్గా 50 అడుగులు రావాలి. ఒకటి 45, ఇంకోటి 54½ వస్తే మూలలు తిరిగినట్టు. నాలుగు వైపులూ సరిగ్గానే ఉన్నా నేల 1,176 చదరపు అడుగులే. వంకర ప్లాటును ఒక ఐమూలతో రెండు త్రిభుజాలు చేసి, ఒక్కోదాని మూడు భుజాలూ కూడి సగం చేయండి. ఆ సగాన్నీ, అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే వచ్చే మూడు అంకెల్నీ గుణించి వర్గమూలం తీస్తే వైశాల్యం. 30, 40, 50కి సగం 60. 60×30×20×10కి వర్గమూలం 600. అలాంటివి రెండు, మొత్తం 1,200.

సాగుభూమి అయితే ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖవారి పొలం కొలతల పటం) నకలు దగ్గర పెట్టుకోండి. చిత్తూరు ప్రాంతపు పాత పటాల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులు 66 అడుగులు. 150 అని ఉన్నదాన్ని అడుగులనుకుంటే మోసపోతారు, అది 99 అడుగులే. హద్దుల తగాదా ఉంటే ఎఫ్-లైన్ కొలతకు (సర్వే శాఖ హద్దులు కొలిచి చూపడానికి) దరఖాస్తు పెట్టి సర్వేయరుతో కొలిపించుకోవాలి. టోటల్ స్టేషన్‌తోనో (కోణాలూ దూరాలూ కొలిచే సర్వే యంత్రం), కోర్స్ స్టేషన్లు అనే స్థిర ఉపగ్రహ కేంద్రాలకు అనుసంధానించిన రోవరుతోనో (చేత పట్టుకు తిరిగే సర్వే జీపీఎస్) కొలిస్తే తేడా కొద్ది సెంటీమీటర్లే.

ఒక విన్నపం. మీ పత్రిక రియల్ ఎస్టేట్ పేజీలో కొనుగోలు అగ్రిమెంటు నమూనా వేసినప్పుడు రెండు వాక్యాలు చేర్చండి: రిజిస్ట్రేషనుకు ముందు ఇరుపక్షాలూ ఉండగా స్టీలు టేపుతో గానీ టోటల్ స్టేషన్‌తో గానీ నాలుగు వైపులూ రెండు ఐమూలలూ కొలవాలి. చెక్కుబందీలో (దస్తావేజులోని హద్దుల వివరంలో) రాసినదానికీ కొలిచినదానికీ తేడా వస్తే అంకణం ధర చొప్పున సొమ్ము సర్దుబాటు చేయాలి. అడ్వాన్సు ఇచ్చేముందే ఆ వాక్యాలు కాగితం మీద ఉంటే కొలతకు ఏ యంత్రం తెచ్చారన్న వాదనే రాదు.

ఇట్లు,
భూముల కొలత పనిలో ఉన్నవాళ్లం,
తిరుపతి.