పండు ఈగకు మందు పేరు మారిస్తే చాలదు

సంపాదకులకు,

మామిడిలో పండు ఈగకు మలాథియాన్ పనిచేయకపోతే డైమిథోయేట్ కొట్టమనే సలహా తరచూ వినిపిస్తోంది. ఇది మందు మార్చడం కాదు, డబ్బా మార్చడం. రెండూ ఆర్గానోఫాస్ఫేట్లు అనే ఒకే తరగతి పురుగుమందులే. రెండూ ఈగ నరాల్లోని ఎసిటైల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైమునే పట్టుకుంటాయి. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు మారిందంటే రెండింటి పట్టూ సడలుతుంది.

ఆ మార్పు ఎంత చిన్నదో చూడండి. అదే తరగతి మందైన ఫెనిట్రోథియాన్‌ను తట్టుకునే మామిడి పండు ఈగలను తైవాన్‌లో పరిశీలిస్తే ఈ ఎంజైములో 3 చోట్ల అమైనో ఆమ్లాలు, అంటే దాన్ని కట్టిన ఇటుకల్లాంటివి, మారి ఉన్నాయి. 214వ స్థానంలో ఐసోల్యూసిన్ పోయి వాలీన్, 488లో గ్లైసిన్ పోయి సెరీన్, 643లో గ్లుటమిన్ పోయి ఆర్జినీన్ వచ్చాయి. మొదటి రెండు మార్పులే గ్రీసు ఆలివ్ తోటల ఈగలోనూ దొరికాయి. పంట వేరు, దేశం వేరు, ఈగ జాతి కూడా వేరే. వాడిన మందుల తరగతి మాత్రం ఒకటే. ఈ మార్పును మందు పుట్టించదు. ముందే ఉన్న ఒకటీ అరా ఈగలను వదిలి మిగతావాటిని చంపుతుంది. బతికినవి వాటిలో అవే జతకడతాయి. మోతాదు పెంచితే ఈ ఏరివేత ఇంకా గట్టిపడుతుంది.

అయితే పిచికారీ విఫలమైన ప్రతిసారీ తప్పు జన్యువుది కాదు. తల్లి ఈగ తొక్క కింద గుడ్లు పెట్టేశాక లోపలి పురుగుకు పైమందు అందదు. అప్పుడు చేయాల్సింది రాలిన కాయలను రోజూ ఏరి 2 అడుగుల లోతున పూడ్చడం. తట్టుకునే పురుగైనా, తట్టుకోలేనిదైనా అక్కడే పోతుంది.

మిథైల్ యూజినాల్ అనే ఎర పెట్టిన బుట్టల్లో మగ ఈగలే పడతాయి. ఎరను పట్టించే చెక్క దిమ్మెలో, పడ్డ ఈగను చంపడానికి కలిపేదీ చాలాచోట్ల మలాథియానే. దాన్ని తట్టుకున్న ఈగ వచ్చిన రంధ్రంలోంచే బయటికి పోగలదు. కాబట్టి బుట్టలో ఈగలు తగ్గితే తోటలో తగ్గాయని వెంటనే నమ్మకూడదు.

డబ్బా మీది రంగు త్రిభుజం విషం తీవ్రతనే చెబుతుంది, తరగతిని కాదు. మందు పురుగును ఎక్కడ దెబ్బతీస్తుందో బట్టి అంతర్జాతీయంగా ఇచ్చే (IRAC) తరగతి అంకెలు వేరు: ఆర్గానోఫాస్ఫేట్లు 1బి, డెల్టామెత్రిన్ వంటి పైరిథ్రాయిడ్లు 3ఎ, స్పైనోసాడ్ 5. కార్బరిల్ 1ఎ అయినా దెబ్బ ఆ పాత ఎంజైము మీదే. స్పైనోసాడ్‌నూ అదేపనిగా వాడకూడదు. హవాయిలో పుచ్చ, దోస జాతి పంటల ఈగ దాన్నీ తట్టుకుంది.

మీ వ్యవసాయ పేజీలో ప్రతి మందు పేరు పక్కన ఈ అంకె కూడా వేయండి. తోతాపురి కోతలు మొదలయ్యేలోపే అది రైతు కంట పడాలి.

— ఒక పాఠకుడు