కాలవ కట్టేసిన రోజులు

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? మొన్న ఫోన్లో "సెలవులకి అమ్మమ్మగారి ఊరెళ్ళి రెండు నెలలూ ఏం చేసేవాడివిరా?" అని అడిగావు. ఆఫీసులో ఉండి ఏదో చెప్పి పెట్టేశాను గానీ, రాత్రంతా అదే ధ్యాస. ఫోన్లో చెబితే తనివి తీరదని రాస్తున్నాను.

అమ్మమ్మగారిది ఆత్రేయపురం దగ్గర చిన్న ఊరు. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు దాటితే కాలవ. ధవళేశ్వరం నుంచి వచ్చే గోదావరి నీళ్ళు. మిగతా ఏడాదంతా నిండుగా పారే ఆ కాలవ ఛాయలకి మమ్మల్ని పోనిచ్చేవారు కాదు. దాళ్వా, అదే రెండో పంట వరి, కోతల వేళకి, ఏప్రిల్లో, పూడికలు తియ్యడానికీ లాకులు బాగుచేయడానికీ నీళ్ళు ఆపేసేవారు. "కాలవ కట్టేశారంట" అన్న మాట చెవిన పడిందా, ఇక మాకు పండగే! మంచినీళ్ళ చెరువు ముందే నింపి ఉంచేవారు కాబట్టి పెద్దవాళ్ళకి బెంగ లేదు. చద్దన్నంలో కొత్తావకాయ కలుపుకు తిని కాలవలోకి దిగేవాళ్ళం. మెత్తటి ఇసక, ఆల్చిప్పలు, గట్ల మీద చెట్ల నీడ. ముంజెలు తిన్నాక ఆ తాటికాయ బుర్రలతో చేసిన బళ్ళు తోలుకుంటూ పక్క ఊరి వంతెన దాకా పోయేవాళ్ళం.

అన్నిటికన్నా గొప్పది గుంట తోడే రోజు. కాలవ అడుగున అక్కడక్కడా నీళ్ళు నిలిచి, చేపలన్నీ అక్కడే చేరేవి. పెద్ద మావయ్యంటే మాకు హడల్. ఎదురుపడితే ఎక్కాలు అడిగేవాడు. అలాంటి మనిషి ఆ రోజు పంచె ఎగ్గట్టి అందరికన్నా ముందు దిగేవాడు. చుట్టూ మట్టితో కట్ట వేసి, బకెట్లతో, గిన్నెలతో నీళ్ళు తోడి అవతల పోసేవాళ్ళం. నీళ్ళు తరిగేకొద్దీ బురద కదలడం మొదలయ్యేది. మావయ్య మోచేతుల దాకా చేతులు పెట్టి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి వెతికేవాడు. ఒక్కసారిగా కొర్రమీను బయటికొచ్చి తోకతో కొడితే ఆయన ముఖమంతా బురద! అప్పుడు నవ్వేవాడు చూడు, పదేళ్ళ పిల్లాడిలా. ఆ నవ్వు మళ్ళీ ఏడాది దాకా కనబడేది కాదు.

నాకోసారి జెల్ల చేప ముల్లు దిగి బొటనవేలు బూరెలా ఉబ్బింది. అమ్మమ్మ పసుపు అద్ది, తిట్టి, ఆ రాత్రి బొమ్మిడాయిల పులుసులో మామిడికాయ ముక్క ఏరి నా కంచంలోనే వేసింది. పిన్ని గొడవపడింది కూడా.

సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లి పక్కలు వేసేవారు. తాతయ్య కబుర్లు ఎక్కడ మొదలైనా కాటన్ దొర దగ్గరికే చేరేవి. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి ఈ సీమకి అన్నం పెట్టాడని చెబుతూ చేతులు జోడించేవాడు.

మధ్యాహ్నాల్లో మామిడి తాండ్రకి కాపలా. చాప మీద ఒక పొర ఆరితే దాని మీద ఇంకో పొర. మేం కాకుల్ని తోలేవాళ్ళం, అంచులూ గిల్లుకునేవాళ్ళం.

జూన్ మొదట్లో కాలవకి నీళ్ళు వదిలేవారు. లొల్ల లాకులు దాటాయని కబురొస్తే ఇంటిల్లిపాదీ గట్టు మీదే. ముందు కనబడేది నీళ్ళు కాదురా, నురగ! ఎండుటాకుల్నీ పుల్లల్నీ తోసుకుంటూ మెల్లగా వచ్చేది. ఎండిన ఇసక చుయ్యిమని పీల్చేసేది. దానికి ఎదురుగా నిలబడి, కాళ్ళు తడిసేదాకా ఆగి, ఒక్కో అడుగూ వెనక్కి వేసేవాళ్ళం. మోకాళ్ళ దాకా వచ్చేసరికి మావయ్య గొంతు మళ్ళీ మామూలుగా అయిపోయేది. "ఇక ఎక్కండర్రా పైకి!"

మావయ్య ఇప్పటికీ సాయంత్రాలు కర్ర పట్టుకుని గట్టు దాకా వస్తాడట. ఈసారి నీళ్ళు ఎప్పుడు వదులుతారో ఆయన్నే అడిగి చెబుతాను. పిల్లల్ని తీసుకుని వచ్చెయ్. పులుసు అత్తయ్య చేస్తుంది.

నీ
బావ