ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో పీజీ చేయాలనుకునేవాళ్లకు

అందరికీ నమస్కారం. డిగ్రీ ఫైనలియర్ పిల్లలు చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నా. మన ఎస్వీ యూనివర్సిటీ లాంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ సీటుకు ఏపీ పీజీసెట్ అనే ఎంట్రన్స్ పరీక్ష రాయాలి. పాండిచ్చేరి, జేఎన్‌యూ లాంటి సెంట్రల్ యూనివర్సిటీలకైతే సీయూఈటీ పీజీ. రెండిటికీ విడివిడిగా అప్లై చేయాలి.

ర్యాంకు వచ్చింది కదా అని ఊరుకోకండి. పీజీసెట్ కౌన్సెలింగ్‌కు మళ్లీ రిజిస్టర్ చేసుకుని, ఏ కాలేజీలో ఏ కోర్సు కావాలో ఆన్‌లైన్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టాలి. మంచి ర్యాంకు వచ్చినవాళ్లు కూడా ఇక్కడే సీటు పోగొట్టుకుంటుంటారు, అది చూస్తే బాధేస్తుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు లేనివాళ్లు ఇప్పుడే సచివాలయంలో దరఖాస్తు పెట్టండి.

ఈ సబ్జెక్టు చదవడానికి తిరుపతిని మించిన చోటు లేదని నా నమ్మకం. 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా, అంటే జీవవైవిధ్యాన్ని కాపాడే ప్రాంతంగా ప్రకటించిన శేషాచలం కొండలు కళ్లెదుటే ఉన్నాయి. ఎర్రచందనం సహజంగా పెరిగే అడవి అది. నీళ్లు పారే రోజుల్లో స్వర్ణముఖిలో చంద్రగిరి దగ్గర ఒక సీసా, శ్రీకాళహస్తి దగ్గర ఒక సీసా పట్టి, కరిగిన ఆక్సిజన్ ఎంతుందో కొలిచి చూడండి. ఊళ్ల మురుగు కలిస్తే నది ఏమవుతుందో ఆ అంకెలే చెబుతాయి.

పీజీ అయ్యాక లెక్చరర్ పోస్టులకు, రీసెర్చ్‌కు రాసే యూజీసీ నెట్ పరీక్షలో ఈ సబ్జెక్టు ఉంది. గేట్ పరీక్షలోనూ దీనికి పేపరుంది.

అప్లికేషన్‌లో ఎక్కడైనా ఆగిపోతే గ్రూపులోనే అడగండి, మిగతావాళ్లకూ పనికొస్తుంది.